మంట, సెగ, పొగ: విత్తన అంకురణపై నిప్పు ప్రభావం

వ్యాససంగ్రహం:
కార్చిచ్చు విత్తనాలను నాశనం చేస్తుందన్నది సాధారణ భావన. నిప్పు అడవిని పునరుజ్జీవింపజేస్తుందన్నది ఇటీవల పాఠ్యగ్రంథాల్లోనూ వ్యాసాల్లోనూ తరచుగా కనిపించే మాట. ఈ రెండూ కొన్ని నేలలకూ కొన్ని మొక్కలకూ మాత్రమే వర్తించే పాక్షిక సత్యాలు. నిప్పు అనే ఒక్క మాట కింద మంట, సెగ, పొగ, బూడిద, వెలుగు అనే వేర్వేరు కారకాలున్నాయి. ఒక్కొక్కటి విత్తనంపై ఒక్కో తీరుగా పనిచేస్తుంది. ఈ వ్యాసం ఆ కారకాలను విడివిడిగా వివరించి, అన్యదేశాల అడవులకు సంబంధించిన నిర్ణయాలను తెలుగునేల అడవులకు అన్వయించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంకురణ, సుప్తావస్థ, బీజకవచం, కార్చిచ్చు, కర్రికిన్, విత్తననిధి, పోడు, చిగురు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్యంలో కార్చిచ్చు ప్రధానంగా వినాశనానికి సంకేతం. భారతంలోని ఖాండవ దహనమైనా, భాగవత దశమస్కంధంలో కృష్ణుడు దావాగ్నిని మింగిన ఘట్టమైనా నిప్పును ప్రాణికోటికి ముప్పుగానే చూపుతాయి. అయితే వాడుకభాషలో నిప్పుకు సంబంధించిన పదసంపద ఇంతకన్నా సూక్ష్మమైనది. కంటికి కనిపించేది మంట. దూరంగా నిలబడినా ఒంటికి తగిలేది సెగ. గాలిలో కలిసేది పొగ. చివరకు మిగిలేది బూడిద. పైకి చల్లారినట్లు కనిపిస్తూ లోపల రగులుతున్నది నివురుగప్పిన నిప్పు. పల్లె వాడుకలో సహజంగా ఉన్న ఈ విభజన వృక్షశాస్త్రానికీ అవసరమైనదే. విత్తనం నిప్పుకు ఎలా స్పందిస్తుందన్న ప్రశ్నకు ఈ కారకాలను విడదీసి చూసినప్పుడే స్పష్టమైన సమాధానం దొరుకుతుంది.

2. విత్తనం నిద్ర:

నీరు, గాలి, తగిన ఉష్ణోగ్రత లభించినా జీవమున్న విత్తనం మొలకెత్తకపోవడాన్ని సుప్తావస్థ అంటారు. ఇది లోపం కాదు. అననుకూల కాలాన్ని దాటవేసే ఉపాయం. తొలకరికి ముందు కురిసే ఒక అకాల వర్షానికే విత్తనాలన్నీ మొలిస్తే, తరువాతి ఎండకు ఆ తరమంతా మాడిపోతుంది. కొన్ని విత్తనాలు నిద్రలో ఉండిపోవడం వల్లనే నేలలో ఏళ్ల తరబడి నిలిచే విత్తననిధి ఏర్పడుతుంది.

నిప్పు ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి సుప్తావస్థలోని రెండు రకాలు ముఖ్యం. మొదటిది భౌతిక సుప్తావస్థ. ఇందులో లోపలి పిండం మొలకెత్తడానికి సిద్ధంగానే ఉంటుంది గాని, బీజకవచం నీటిని లోపలికి రానివ్వదు. కవచంలో స్తంభాల్లా నిలువుగా, దగ్గరదగ్గరగా అమరిన గట్టి కణాల వరుస ఇందుకు కారణం. చిక్కుడు, పత్తి కుటుంబాల మొక్కల్లో ఇది ఎక్కువ. తుమ్మ, రేల, సుబాబుల్ ఇందుకు తెలిసిన ఉదాహరణలు. రెండవది శరీరధర్మ సుప్తావస్థ. ఇందులో నీరు లోపలికి చేరుతుంది. కాని పిండంలోని హార్మోన్ల సమతుల్యం ఎదుగుదలను ఆపి ఉంచుతుంది. మొదటి రకం బయట తాళం వేసిన ఇల్లు వంటిది. రెండవ రకంలో గడియ లోపలి నుంచి పెట్టి ఉంటుంది. మొదటి రకాన్ని తెరవగలిగేది ముఖ్యంగా సెగ. రెండవ రకంలోని కొన్ని విత్తనాలను పొగ కదిలించగలదు.

3. సెగ చేసే పని:

చిక్కుడు కుటుంబపు విత్తనానికి నాభి సమీపంలో లెన్స్ అనే చిన్న బలహీనస్థానం ఉంటుంది. తగినంత వేడి తగిలినప్పుడు అక్కడి కణాలు విడిపోయి సన్నని చీలిక ఏర్పడుతుంది. నీరు ఆ చీలిక గుండా లోపలికి ప్రవేశిస్తుంది. పత్తి కుటుంబపు విత్తనాల్లో ఇటువంటి ద్వారం మరొక చోట ఉంటుంది. కవచమంతా పగలనవసరం లేదు. ఆ ఒక్క చోటు తెరుచుకుంటే చాలు.

వనపెంపక కేంద్రాల్లో సుబాబుల్ విత్తనాలను సుమారు 80 డిగ్రీల సెల్సియస్ నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి, తరువాత మామూలు నీటిలో నానబెట్టడం ఈ సూత్రంపైనే ఆధారపడింది. కాలిఫోర్నియా పొదల అడవుల్లోని సియానోథస్, ఆస్ట్రేలియాలోని అనేక అకేసియా జాతులు కార్చిచ్చు తరువాత గుంపులుగా మొలవడానికి కారణమూ ఇదే. వాటి విత్తనాలు తల్లిచెట్టు కింద మట్టిలో దశాబ్దాల పాటు నిద్రించి, సెగ తగిలిన తరువాతి వానకు లేస్తాయి.

ఇక్కడ మోతాదే నిర్ణాయకం. గట్టి కవచం గల పొడి విత్తనాలు సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల వేడిని కొద్ది నిమిషాలు తట్టుకుంటాయి. అదే వేడి ఎక్కువసేపు కొనసాగినా, ఇంకా పెరిగినా పిండం చనిపోతుంది. తేమ కూడా అంతే కీలకం. ఎండిన విత్తనంలోని కణద్రవ్యం గాజు వంటి ఘనస్థితిలో ఉండి ప్రొటీన్లను కాపాడుతుంది. నీరు పీల్చుకొని ఉబ్బిన విత్తనానికి ఆ రక్షణ లేదు. అది చాలా తక్కువ వేడికే నశిస్తుంది. కనుక ఎండిన నేలమీది నిప్పు, వాన పడిన తరువాత పెట్టిన నిప్పు ఒకే విత్తనంపై భిన్నఫలితాలు ఇవ్వగలవు.

మూడవ అంశం లోతు. మట్టి వేడిని సులభంగా కిందికి పోనివ్వదు. ఎండుగడ్డి మీదుగా వేగంగా సాగిపోయే మంట ఉపరితలంపై వందల డిగ్రీలకు చేరినా, కొన్ని సెంటీమీటర్ల లోతులో పెరిగే వేడి స్వల్పమే. అందువల్ల ఉపరితలంపై ఉన్న విత్తనం కాలిపోతుంది. బాగా లోతున ఉన్నదానికి సెగ అందదు. అందినా చిన్న విత్తనంలోని నిల్వ ఆహారం మొలకను పైదాకా తేవడానికి చాలదు. ఈ రెండింటి నడుమ గల పలుచని పొరలోని విత్తనాలకే సెగ మేలు చేస్తుంది. నిప్పు విత్తనాన్ని మేల్కొలుపుతుందనే వాక్యం ఆ పొర వరకే సత్యం.

4. మంటకోసం ఎదురుచూసే కాయలు:

కొన్ని మొక్కలు విత్తనాలను నేలలో గాక కొమ్మలపైనే దాచుకుంటాయి. ఉత్తర అమెరికాలోని లాడ్జ్‌పోల్ పైన్ చెట్లలో చాలావాటి శంకువులు జిగురుతో మూసుకొని ఏళ్ల తరబడి కొమ్మను అంటిపెట్టుకొని ఉంటాయి. మంట వేడికి జిగురు కరిగి శంకువు తెరుచుకుంటుంది. విత్తనాలు చల్లారిన బూడిదనేలపై రాలుతాయి. 1988లో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో మూడోవంతుకు పైగా విస్తీర్ణం అగ్నిప్రభావానికి లోనైంది. అటు తరువాత అనేక చోట్ల ఈ పైన్ మొక్కలు దట్టంగా మొలిచాయి. ఆస్ట్రేలియాలోని బ్యాంక్సియా జాతుల్లో పలువాటి కాయలూ ఇదే పద్ధతిని అనుసరిస్తాయి.

ఇక్కడ వేడి విత్తనపు సుప్తావస్థను తొలగించడం లేదు. కాయను తెరిచి విత్తనాన్ని విడుదల చేస్తున్నది. అంకురణకూ విడుదలకూ గల ఈ భేదాన్ని గుర్తించకపోతే నిప్పు పాత్ర గురించిన చర్చ గందరగోళమవుతుంది.

ఈ అనుసరణకూ హద్దున్నది. కాలిఫోర్నియాలోని జెయింట్ సెక్వోయా నిప్పుతో కలిసి బతికే వృక్షానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని శంకువులు ఆకుపచ్చగా చాలా ఏళ్లు చెట్టుపైనే నిలుస్తాయి. నేలమంట నుంచి పైకి లేచిన వేడిగాలికి అవి ఎండి విచ్చుకుంటాయి. ఆకుచెత్త కాలి బయటపడిన మట్టిలో ఆ సన్నని విత్తనాలు మొలుస్తాయి. ఈ సంబంధాన్ని గుర్తించి అక్కడి జాతీయ ఉద్యానాల్లో 1960ల చివరి నుంచి నియంత్రిత దహనాన్ని ప్రారంభించారు. అయినా 2020లో వచ్చిన కాసిల్ కార్చిచ్చులో ప్రపంచంలోని పెద్ద సెక్వోయా వృక్షాల్లో 10 నుంచి 14 శాతం చనిపోయినట్లు అమెరికా జాతీయ ఉద్యానాల సంస్థ అంచనా వేసింది. మంట చెట్టు తలదాకా ఎక్కితే శంకువులూ కాలిపోతాయి. నిప్పును ఆశ్రయించిన చెట్టు సైతం ఎటువంటి నిప్పునైనా తట్టుకోలేదు.

5. పొగ చెప్పే కబురు:

అంకురణపై నిప్పు ప్రభావమంటే చాలాకాలం వేడి ప్రభావమనే భావించారు. 1990లో దక్షిణాఫ్రికాలో డి లాంగె, బౌషర్ అనే పరిశోధకులు ఆడోయినియా కాపిటాటా అనే అరుదైన పొదమొక్క విత్తనాలపై చేసిన ప్రయోగం ఆ భావనను మార్చింది. వేడితో ప్రమేయం లేకుండా మొక్కల పొగ ఒక్కటే ఆ విత్తనాలను మొలిపించగలదని వారు నిరూపించారు. తరువాత ఆ దేశపు ఫిన్‌బోస్ పొదల్లోనూ ఆస్ట్రేలియాలోనూ కాలిఫోర్నియాలోనూ అనేక జాతుల్లో ఇదే గుణం బయటపడింది. పొగను నీటిలోకి పంపి తయారుచేసిన ద్రావణం సైతం పనిచేసింది. దీన్నిబట్టి పొగలోని క్రియాశీల పదార్థం నీటిలో కరుగుతుందని తేలింది.

ఆ పదార్థం కోసం సాగిన అన్వేషణ 2004లో ఫలించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఫ్లెమట్టి, ఆయన సహపరిశోధకులు పొగ నుంచి ఒక బ్యూటెనొలైడ్ సమ్మేళనాన్ని వేరుచేశారు. మొక్కల కణకవచంలోని సెల్యులోజ్ కాలినప్పుడు అది ఏర్పడుతుంది. అత్యల్ప గాఢతలోనే పనిచేస్తుంది. ఈ వర్గపు పదార్థాలకు కర్రికిన్లు అని పేరు పెట్టారు. పెర్త్ ప్రాంతపు నూంగర్ ఆదివాసుల భాషలో పొగను సూచించే ‘కర్రిక్’ అనే మాట ఈ పేరుకు మూలం. రసాయనశాస్త్ర పరిభాషలో ఒక ఆదివాసీ భాషాపదం స్థిరపడిన ఈ సందర్భం పరిభాషా నిర్మాణంపై పనిచేసేవారికి ఆసక్తికరమైనది.

కర్రికిన్‌ను గుర్తించే ప్రొటీన్ నిప్పుతో ప్రత్యేక సంబంధం లేని అరబిడాప్సిస్ వంటి మొక్కల్లోనూ ఉంది. కనుక మొక్క లోపలి ఏదో ఒక సహజసంకేతాన్ని అందుకోవడం ఈ ప్రొటీన్ అసలు పని కావచ్చనీ, పొగలోని పదార్థం ఆ సంకేతాన్ని అనుకరిస్తున్నదనీ పరిశోధకులు భావిస్తున్నారు. అయితే పొగ అంటే కర్రికిన్ ఒక్కటే కాదు. కాలిఫోర్నియాలోని ఎమెనాంథె పెండ్యులిఫ్లోరా అనే ఏకవార్షిక మొక్క విత్తనాలను పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ మొలిపిస్తుందని కీలీ, ఫాదరింగ్‌హమ్ 1997లో ప్రకటించారు. పొగలోనూ మోతాదు ముఖ్యమే. పలుచని పొగద్రావణం మొలిపించిన విత్తనాన్నే చిక్కని ద్రావణం అణచివేయగలదు.

6. బూడిద, వెలుగు:

నేలకు బలాన్నిచ్చేది గనుక బూడిద విత్తనాన్ని కూడా మొలిపిస్తుందనుకోవడం సహజం. వాస్తవానికి మొలకకూ పెరుగుదలకూ తేడా ఉంది. బూడిదలోని పొటాషియం, కాల్షియం వంటి లవణాలు మొలిచిన మొక్కకు పోషకాలు. మొలవని విత్తనం విషయంలో దట్టమైన బూడిదపొర ఆటంకం కావచ్చు. దాని క్షారగుణం, లవణాల గాఢత విత్తనం నీరు పీల్చుకోవడాన్ని నిరోధించగలవు. వాన ఆ లవణాలను కొంత కడిగివేసిన తరువాతనే బూడిద మేలు పూర్తిగా బయటపడుతుంది.

నిప్పు పరోక్షంగా చేసే మార్పులు కూడా తక్కువవి కావు. ఆకుచెత్త, పొదలు కాలిపోవడంతో నేలకు వెలుగు తగులుతుంది. ఆకుల నీడలో దూర అరుణకాంతి పాలు ఎక్కువ. అది కొన్ని విత్తనాల అంకురణను ఆపుతుంది. నీడ తొలగితే ఎరుపు కాంతి చేరి ఆ నిరోధం పోతుంది. నల్లబడిన నేల పగలు ఎక్కువగా వేడెక్కి, రాత్రి చల్లబడుతుంది. ఈ హెచ్చుతగ్గులే కొన్ని విత్తనాలకు మేలుకొలుపు. ఇటువంటి విత్తనాలకు నిజానికి కావలసింది నిప్పు కాదు, ఖాళీ జాగా. చెత్తను ఊడ్చివేసినా వాటికి దాదాపు అదే ఫలితం కలుగుతుంది.

7. చంపడానికే పెట్టే నిప్పు:

నిప్పు విత్తనాలను చంపుతుందన్న సంగతి తెలుగు రైతులకు అనుభవసిద్ధం. వారు దాన్ని ఉద్దేశపూర్వకంగానే ఉపయోగించుకున్నారు. పొగాకు నారుమడులను సిద్ధం చేసేటప్పుడు మడిపై వరి ఊక వంటి నిదానంగా కాలే వ్యర్థాలను పరిచి నిప్పుపెట్టడం ఆంధ్రప్రాంతంలో తెలిసిన పద్ధతి. పైమట్టిలోని కలుపు విత్తనాలను, నారుకుళ్లు కలిగించే శిలీంధ్రాలను నశింపజేయడం దీని ఉద్దేశం. ఇక్కడ ఊకను ఎన్నుకోవడంలోనే విషయమున్నది. ఎండుగడ్డి భగ్గున మండి ఆరిపోతుంది. ఊక గంటల తరబడి రగులుతూ సెగను మట్టిలోకి దింపుతుంది. విత్తనాన్ని చంపేది మంట ఎత్తు కాదు, సెగ నిలిచిన కాలం.

కొండరెడ్లు, కోయలు, సవరలు వంటి గిరిజనులు సాగుచేసిన పోడులోనూ ఈ సూత్రం ఉంది. నరికిన చెట్టుచేమను ఎండనిచ్చి కాల్చినప్పుడు బూడిద ఎరువవుతుంది. పెద్ద దుంగలు కాలిన చోట పైమట్టిలోని విత్తననిధి చాలావరకు నశించి, మొదటి ఏడు కలుపు తగ్గుతుంది. ఆ చోటును మళ్లీ అడవి ఆక్రమించడానికి చుట్టుపక్కల నుంచి వచ్చే విత్తనాలు, మిగిలిన మోడుల చిగుళ్లు, నేలకు దొరికే విరామం అవసరం. విరామకాలం కుదించుకుపోయినప్పుడు పోడు నేల పొదగానో గడ్డిగానో మిగిలిపోవడానికి కారణం ఇదే.

8. తెలుగునేల అడవులు – మొలక, చిగురు:

నల్లమల, శేషాచలం, పాపికొండలు వంటి తావుల్లో ఆకురాల్చే అడవులు విస్తారంగా ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి వేసవి చివరి దాకా ఇక్కడ కార్చిచ్చుల కాలం. ఇవి అధికంగా రాలిన ఆకును, ఎండిన గడ్డిని కాలుస్తూ నేలబారుగా సాగే మంటలు. వీటిలో ఎక్కువభాగం మనుషుల వల్లనే పుడతాయి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద చెత్త కాల్చడం, తునికాకు లేతగా చిగురించాలని పొదలకు నిప్పుపెట్టడం, పశువులకు కొత్తగడ్డి కోసం బీడు కాల్చడం ఇందుకు కారణాలు.

ఈ అడవుల్లో శంకువులు మూసుకొని మంటకోసం ఎదురుచూసే పైన్ జాతులు లేవు. ఫిన్‌బోస్ పొదలు లేవు. తుమ్మ, చండ్ర, రేల వంటి చిక్కుడు కుటుంబపు చెట్లకు సెగ కొంత ఉపకరించవచ్చు. గట్టి ఫలకవచం గల టేకు కాయలను తేలికగా కాల్చి నాటే పద్ధతి పాత వనపెంపకంలో ఉండేది. కాయలను తడుపుతూ ఎండబెడుతూ ఉంచినా టేకు కవచం మెత్తబడుతుంది. అంటే నిప్పు లేకుండానే ఎండావానలు ఈ పనిని చేయగలవు. మరోవైపు టేకు, ఏగిస వంటి చెట్ల కాయలు చలికాలం నుంచి వేసవి దాకా నేలరాలుతాయి. కార్చిచ్చు వచ్చే నాటికి అవి మట్టిలో కాక ఆకుచెత్తలోనే, మంటకు నేరుగా అందే చోట ఉంటాయి.

ఐనా కాలిన అడవి తొలకరికి పచ్చబడుతుంది. ఈ పచ్చదనమే పరిశీలకులను తప్పుదారి పట్టించేది. తెలుగులో మొలక వేరు, చిగురు వేరు. విత్తనం నుంచి వచ్చేది మొలక. ఉన్న వేరునుంచీ మోడునుంచీ వచ్చేది చిగురు. తునికి, టేకు, ఇప్ప వంటివి కాలిన తరువాత పాతవేళ్ల నుంచి బలంగా చిగురిస్తాయి. తునికి పొదలను కాల్చేవారికి కావలసిందీ ఆ చిగురే. కాలిన చోట కనిపించే పచ్చదనంలో అధికభాగం ఈ పాతమొక్కలదే కావచ్చు. చిగురు వల్ల ఉన్న చెట్టు నిలుస్తుంది. కొత్త తరం, జన్యువైవిధ్యం మొలక వల్లనే వస్తాయి. ఒక వేసవి తప్పించుకొని మొలిచిన మొక్క తరువాతి వేసవి మంటకు పైభాగం కోల్పోతుంది. వేరు బలపడేలోపు ప్రతి ఏటా ఇది జరిగితే ఎన్నటికీ చెట్టుగా ఎదగదు.

నిప్పు రావడం కన్నా ఎంత తరచుగా వస్తున్నదన్నదే ఇక్కడ అసలు సమస్య. నీలగిరుల్లోని ముదుమలై అడవులపై కోదండపాణి, కాక్రేన్, సుకుమార్ 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో గమనింపదగినది. సుమారు 80 ఏళ్ల వ్యవధిలో అక్కడ ఒకే చోట మళ్లీ నిప్పు రావడానికి పట్టే సగటు కాలం 10 ఏళ్ల నుంచి 3.3 ఏళ్లకు తగ్గిందని వారు తేల్చారు. పదేళ్లలో ఒక మొలక నిప్పును తట్టుకునే మొక్క కాగలదు. మూడేళ్లలో అది కష్టం.

అలాగని నిప్పును పూర్తిగా నిషేధించడమే పరిష్కారమని తేల్చలేం. కర్ణాటకలోని బిళిగిరి రంగనస్వామి కొండల్లో సోలిగలు వేసవి ముదరకముందే ‘తరగు బెంకి’ అనే తేలికపాటి చెత్తమంటలు పెట్టేవారు. 1974లో ఆ ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యం కావడంతో ఆ ఆచారం ఆగింది. లాంటానా పొద విస్తరణకు ఇదొక కారణమని సోలిగలు చెప్పినట్లు పరిశోధకులు నమోదుచేశారు. మరోవైపు లాంటానా ఇంధనమై నిప్పును తీవ్రం చేస్తుందనీ, కాలిన ఖాళీలో మళ్లీ లాంటానాయే పుంజుకుంటుందనీ హిరేమఠ్, సుందరం 2005లో ఒక పరికల్పనను ప్రతిపాదించారు. ఈ రెండు అభిప్రాయాలు పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. పలుచగా ఉన్న దశలో, చల్లని కాలంలో పెట్టే చిన్నమంట ఒకటి. పొద దట్టమయ్యాక నడివేసవిలో వచ్చే పెనుమంట మరొకటి. వీటిని వేర్వేరు నిప్పులుగా గుర్తిస్తే ఆ వైరుధ్యం చాలావరకు తొలగుతుంది.

9. ముగింపు:

విత్తనంపై నిప్పు ప్రభావాన్ని మంచి, చెడు అనే రెండు మాటల్లో తేల్చడం సాధ్యం కాదు. సెగ గట్టికవచాన్ని తెరుస్తుంది. నిలిచిపోతే పిండాన్ని చంపుతుంది. మంట కొన్ని కాయలను విచ్చుకునేలా చేస్తుంది. చెట్టు తలకెక్కితే వాటినే కాలుస్తుంది. పొగ కొన్ని విత్తనాలను మేల్కొలుపుతుంది, చిక్కబడితే అణచివేస్తుంది. కనుక ఏ నిప్పు, ఏ కాలంలో, ఎంతసేపు, ఎన్నేళ్లకొకసారి, ఏ విత్తనంపై అనే ప్రశ్నలు లేకుండా చేసే నిర్ణయం అసంపూర్ణమవుతుంది.

కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా అడవుల పరిశోధనలు ఈ ప్రశ్నలను వేయడం నేర్పాయి. వాటి సమాధానాలను యథాతథంగా నల్లమలకు అన్వయించడం పొరపాటు. కార్చిచ్చు తరువాత ఇక్కడి అడవిలో పచ్చదనాన్ని కొలవడం చాలదు. అందులో మొలక ఎంత, చిగురు ఎంత అని లెక్కించాలి. ఆ తేడాను ఆకు ఏరేవారు, పోడు చేసినవారు, పశువులు కాసినవారు తమ అనుభవంతో ఎరుగుదురు. వారి మాటల్లోని నిప్పు పదజాలాన్ని ప్రాంతాలవారీగా సేకరించడం భాషాపరిశోధకులు చేయదగిన పని. ఆ పదాల వెంట ఏ మంట ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో తెలిపే జ్ఞానం కూడా నమోదవుతుంది. అడవుల నిర్వహణకు ఆ జ్ఞానం ఎంతో అవసరం.